యూత్ క్యాంపుకు వాలంటీరుగా వెళ్తున్నారా? నెల ముందు నుంచి తిరిగొచ్చాక నెల దాకా చేయాల్సిన పనులు

ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు వైపు సంఘాల్లో ఆదివారం ప్రకటనల్లో ఇదొకటి తప్పదు: "యూత్ క్యాంపు ఉంది, వాలంటీర్లు కావాలి, పేర్లివ్వండి." పేర్లయితే ఇచ్చేస్తారు. ఏం చదువుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి, పిల్లలెవరైనా ఏడిస్తే ఏం చెప్పాలి అన్నవి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. "అక్కా, పోయినేడు అన్ని రోజులూ గిన్నెల దగ్గరే సరిపోయింది. ఒక్క మెసేజ్ (వాక్య ప్రసంగం) కూడా వినలేదు. ఈసారీ అంతేనా?" అని అడిగేవాళ్ళు ప్రతి వేసవిలో ఉంటారు. ఇది వాళ్ళ కోసం.

ఒక నియమం ముందే చెప్తాను. మీ వాక్యం (అంటే బైబిలు చదువుకోవడం), మీ ప్రార్థన, మీ నిద్ర, ఈ మూడూ డ్యూటీ చార్టులో రాసి ఉండాలి. "టైమ్ దొరికితే చేసుకుంటాలే" అనుకుంటే క్యాంపులో ఆ టైమ్ దొరకదు. లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు ఇంటికొచ్చినప్పుడు మార్త వంట చేసినందుకు ఎవరూ తప్పు పట్టలేదు. పనుల్లో పడి, కూర్చుని వినే తీరిక లేకుండా చేసుకుంది. చిక్కంతా అక్కడొచ్చింది.

## 1. ఏ క్యాంపు, ఏ పని? ఒప్పుకునే ముందు తేల్చుకోండి

క్యాంపులన్నీ ఒకటి కావు. వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) అయితే చర్చి ఆవరణలోనే, పగటిపూట, చిన్నపిల్లలతో. సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. మొదటిసారి సేవకు వచ్చేవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. సంఘాలు నడిపే యూత్ క్యాంపుల్లో మూడు నాలుగు రోజులు అక్కడే ఉండాలి. యూఈఎస్‌ఐ లాంటి విద్యార్థి సంస్థల క్యాంపులకు ఇంటర్, డిగ్రీ పిల్లలు వస్తారు. వాళ్ళు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. వాక్యం మీద కొంత పట్టు లేకుండా వెళ్తే ఇబ్బంది పడతారు.

నిర్వాహకుల్ని ఈ ప్రశ్నలు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడకండి.

- వచ్చే పిల్లల వయసెంత? మొత్తం ఎంతమంది?
- నా పని ఒకటేనా, రెండు మూడా? నా పైన ఎవరు?
- అమ్మాయిలకు, అబ్బాయిలకు గదులు, బాత్రూములు వేరువేరుగా ఉన్నాయా? రాత్రి కాపలా ఎవరిది?
- దగ్గర్లో ఆసుపత్రి ఏది? రాత్రంతా ఉండే బండి ఉందా?
- వాలంటీర్లకు ముందుగా శిక్షణ ఉందా?

చివరి రెంటికి సరైన జవాబు రాకపోతే, ఆ క్యాంపుకు వెళ్ళే ముందు పాస్టర్ గారితో ఇంకోసారి మాట్లాడండి.

పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు వాలంటీర్లుగా కాకుండా క్యాంపర్లుగానే వెళ్ళాలి. ఇంట్లో ఈమధ్యే చావు జరిగినవాళ్ళు, పెళ్ళి సంబంధం చెడి కుంగిపోయినవాళ్ళు, విశ్వాసంలో అనుమానాలతో సతమతమవుతున్నవాళ్ళు కూడా ఒక ఏడాది క్యాంపర్‌గా వెళ్ళడమే మేలు. వెళ్ళి కూర్చుని వినండి. సేవ ఎక్కడికీ పోదు.

## 2. నెల ముందు: వాక్యం, సాక్ష్యం, ఒళ్ళు

వాక్యం. మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలే. రోజుకొకటి చదివినా నెలలో దాదాపు రెండుసార్లు పూర్తవుతుంది. మొదటిసారి కథలా చదవండి. రెండోసారి ప్రతి అధ్యాయంలో ఒక ప్రశ్న రాసుకోండి. క్యాంపులో పిల్లలు అడిగే ప్రశ్నల్లో చాలావరకు మీరు రాసుకున్నవే ఉంటాయి.

మన పాత బైబిలు తెలుగు ఇంగ్లీషు మీడియం పిల్లలకు అంత తొందరగా నోరు తిరగదు. ఒక వచనం చదివించి, వెంటనే "ఇప్పుడు ఇదే మీ తమ్ముడికి చెప్పాలి, ఎట్లా చెప్తావు?" అని అడగడం మీరు ఇంట్లోనే సాధన చేయండి. కుప్పం, పలమనేరు, నగరి వైపు నుంచి వచ్చేవాళ్ళలో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు ఉంటారు. కుప్పం పిల్లల్లో కన్నడం కూడా వినిపిస్తుంది. తమిళ పాటలు ఒకటి రెండు నేర్చుకుంటే వెనక వరసలో మూగగా కూర్చున్న పిల్ల కూడా నోరు విప్పుతుంది.

సాక్ష్యం, అంటే దేవుడు మీ జీవితాన్ని ఎలా మార్చాడన్నది. మూడు నిమిషాల్లో చెప్పేలా కాగితం మీద రాసుకోండి. ముందు ఎలా ఉన్నారు, ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నారు, ఇంతే. ఇక్కడ జరిగే పెద్ద తప్పు, పాత జీవితాన్ని సినిమాలా చూపించడం. తాగుడు, గొడవలు రెండు నిమిషాలు చెప్పి, దేవుడి గురించి పది సెకన్లు చెప్తారు. విన్న పిల్లలకు గొడవలే గుర్తుంటాయి. ఇంకొకటి, మీ నాన్న తాగుడు గురించి చెప్పాలంటే ముందు ఇంట్లో అడగండి. అదే సంఘం పిల్లలు మీ ముందు కూర్చుని ఉంటారు.

ఒళ్ళు. క్యాంపుకు రెండు వారాల ముందు నుంచి రాత్రి పదికి పడుకుని తెల్లవారి ఐదుకు లేవడం అలవాటు చేసుకోండి. క్యాంపులో మొదటి ఉదయమే కళ్ళు మండుతుంటే ప్రార్థన కుదరదు, పనీ కుదరదు.

పేర్లు. రిజిస్ట్రేషన్లు వచ్చేకొద్దీ మీ గ్రూపు పిల్లల పేర్లు అడిగి తీసుకోండి. రోజూ పేరు పేరునా ప్రార్థించండి. మొదటి రోజు గేటు దగ్గర "నువ్వేనా పాకాల నుంచి వచ్చింది?" అని పేరుతో పిలిస్తే ఆ పిల్లాడి మొహం చూడండి. నెల రోజుల ప్రార్థనతో పాటు పేర్లు కూడా నోటికొచ్చేస్తాయి.

## 3. కాగితాలు, అనుమతులు

ఈ పని చేతగానివాళ్ళది అనుకుంటారు చాలామంది. నన్నడిగితే పాటల టీమ్ కన్నా ముందు మంచి మనిషిని ఇక్కడ కూర్చోబెట్టాలి.

- తల్లిదండ్రుల సంతకం. పద్దెనిమిది లోపు ప్రతి ఒక్కరికీ. ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఎవరి బాధ్యత అన్నవి తెలుగులో స్పష్టంగా రాసి ఉండాలి. రెండు ఫోన్ నంబర్లు తీసుకోవాలి.
- ఆరోగ్య వివరాలు. ఫిట్స్, ఆస్తమా, మందుల ఎలర్జీ, రోజూ వేసుకునే మాత్రలు.
- వేరే మతం ఇళ్ళ నుంచి స్నేహితులతో వచ్చే పిల్లలు. ఇది క్రైస్తవ క్యాంపని, వాక్యం, ప్రార్థన ఉంటాయని వాళ్ళ అమ్మానాన్నలకు ముందే ఫోన్ చేసి చెప్పాలి. పిల్ల చెప్పింది కదా అని ఊరుకోకూడదు. క్యాంపులో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదు. బలవంతంగా ప్రార్థన చేయించకూడదు. బాప్తిస్మం అన్నది సంఘంలో, ఇంట్లో వాళ్ళకు తెలిసి, నిదానంగా జరగాల్సిన విషయం.
- మైకు. లౌడ్‌స్పీకరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. తెల్లవారుజామున స్తుతి పాటలంటూ బయటి స్పీకర్లు పెట్టి పక్క వీధిని లేపడం చట్టం మాట అటుంచి సాక్ష్యానికే దెబ్బ.
- ఫోటోలు. పిల్లలు ఏడుస్తున్నప్పుడు, ప్రార్థనలో ఉన్నప్పుడు తీసిన ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. ఫోటోలకు ఒక్కరినే నియమించి, మిగతావాళ్ళ ఫోన్లు జేబుల్లో ఉండేలా చూడాలి.

తిరుపతిలో క్యాంపు పెట్టేవాళ్ళకు ఇంకో మాట. తిరుమల కొండ మీద ఇతర మతాల ప్రచారాన్ని 2007లో ప్రభుత్వం నిషేధించింది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు "అక్కా, కొండ చూసొద్దాం" అంటారు. క్యాంపు బ్యానరు కట్టిన బస్సుతో, కరపత్రాలున్న బ్యాగులతో అలిపిరి వైపు వెళ్ళొద్దు. ఊళ్ళో ఉన్నప్పుడు కూడా యాత్రికుల చేతుల్లో కాగితాలు పెట్టే పని క్యాంపు కార్యక్రమంలో ఉండకూడదు. పొరుగువాళ్ళ నమ్మకం పట్ల మర్యాద నేర్పడం కూడా మీ పనే. పిల్లలు మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు.

## 4. బ్యాగులో ఏముండాలి

- బైబిలు (ఫోన్‌లో ఉన్నా సరే, పుస్తకం తీసుకోండి), చిన్న నోట్‌బుక్, రెండు పెన్నులు
- లీటరు నీళ్ళ సీసా, టోపీ లేదా తుండుగుడ్డ
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఐదారు, మీ సొంత మందులు
- టార్చిలైటు, దోమల మందు, దుప్పటి
- పని చేయడానికి వీలైన నూలు బట్టలు, తడిసినా జారని చెప్పులు
- సేఫ్టీ పిన్నులు, తాడు, మార్కర్, సెల్లో టేపు (ఇవి ఎప్పుడూ ఎవరి దగ్గరా ఉండవు)
- అమ్మాయిల గ్రూపు చూసేవాళ్ళు శానిటరీ ప్యాడ్లు రెండు ప్యాకెట్లు అదనంగా

ఖరీదైన వాచీ, బంగారం ఇంట్లో పెట్టి వెళ్ళండి.

## 5. చేరుకోవడం

వేసవి సెలవుల్లో తిరుపతి రైళ్ళు, బస్సులు యాత్రికులతో కిక్కిరిసి ఉంటాయి. దసరా సెలవుల్లో పెట్టే క్యాంపులకు బ్రహ్మోత్సవాల రద్దీ తోడవుతుంది, రూములూ దొరకవు. టికెట్లు ముందే చేయించుకోండి. తిరుపతికి దొరకకపోతే రేణిగుంట జంక్షన్‌కు చూడండి. అక్కడి నుంచి బస్సు, ఆటో ఉంటాయి. మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో తిరుపతి పాత ఊరి వీధుల్లో బండి కదలదు. సామాను దింపాల్సి ఉంటే ఆ తేదీలు ముందే కనుక్కోండి.

వాలంటీర్లు క్యాంపర్ల కన్నా ఒక రోజు ముందు చేరాలి. ఇది తప్పనిసరి.

## 6. మొదటి మూడు గంటలు

పిల్లలు వచ్చే రోజు మొదటి మూడు గంటలు సవ్యంగా నడిస్తే సగం క్యాంపు నడిచినట్టే. వరస ఇలా పెట్టుకోండి.

1. గేటు దగ్గర మంచినీళ్ళు లేదా మజ్జిగ. రిజిస్ట్రేషన్ తర్వాత సంగతి. ఎండలో మూడు బస్సులు మారి వచ్చిన పిల్లకు ముందు దాహం తీరాలి.
2. పేరు, గ్రూపు, గది నంబరు ఉన్న బ్యాడ్జి.
3. ఫీజుకు రసీదు. పది రూపాయలైనా రసీదు ఇవ్వాలి.
4. మందులు తెచ్చుకున్నవాళ్ళను మెడికల్ డెస్కుకు పంపడం.
5. గది, బాత్రూము, నీళ్ళు, మెట్లు చూపించడం.
6. ఎవరైనా ఒక్కరే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారా చూడటం. వాళ్ళ పక్కన ఒక వాలంటీరు కూర్చోవాలి.

తప్పు: పాత స్నేహితులైన వాలంటీర్లు అందరూ ఒకచోట చేరి నవ్వుకుంటూ ఉండటం. కొత్తగా వచ్చిన పిల్లలకు అది గోడలా కనిపిస్తుంది. మీ స్నేహితులతో కబుర్లు రాత్రి మీటింగ్ తర్వాత.

## 7. డ్యూటీ చార్టు: మీ పేరు పక్కన మీ టైమ్ కూడా

ఇది నమూనా. మీ క్యాంపుకు తగ్గట్టు మార్చుకోండి.

- 5:00 లేవడం
- 5:15–5:45 వాలంటీర్ల వాక్యధ్యానం, ఎవరికి వాళ్ళు
- 6:00 క్యాంపర్లను లేపడం
- 8:00 టిఫిన్
- 9:00 ఉదయ కూటం
- 11:00 మజ్జిగ, ఆపైన చిన్న గ్రూపులు
- 1:00 భోజనం
- 2:00–4:00 విశ్రాంతి. బయట ఎండలో ఆటలొద్దు
- 4:30 ఆటలు
- 6:30 రాత్రి కూటం
- 8:30 భోజనం
- 9:30 వాలంటీర్ల మీటింగ్, ఇరవై నిమిషాలు దాటకూడదు
- 10:00 లైట్లు ఆఫ్

ఆ 5:15ను ఎవరూ వంటగదికి తీసుకోకూడదని నిర్వాహకుడితో ముందే ఒప్పందం చేసుకోండి. టిఫిన్ పని ఉన్నవాళ్ళకు అదే అరగంట మధ్యాహ్నం రెండింటికి రాయాలి. రాత్రి కాపలా ఉన్నవాళ్ళకు తెల్లారి నిద్ర రాయాలి. మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్ళింది, ముందు రోజు పొద్దుపోయేదాకా ఊరంతా వాకిట్లో ఉన్న రాత్రి తర్వాత. అంత పని ఉన్న రోజుల్లో కూడా ఆయన ఆ సమయాన్ని వదులుకోలేదు.

వంటగదిలో ఉన్నవాళ్ళకు మెసేజ్‌లు దక్కాలంటే రెండు దారులు. రోజు మార్చి రోజు కూటంలో కూర్చునేలా వంతులు వేయడం ఒకటి. మైకు తీగ వంటగది దాకా లాగి చిన్న స్పీకరు పెట్టడం రెండోది. ఉల్లిపాయలు తరుగుతూ విన్న మెసేజ్ కూడా మెసేజే. రాత్రి మీటింగ్‌లో "ఈరోజు నాకు తగిలిన ఒక్క మాట" అని ఒక్కొక్కరు ఒక వాక్యంలో చెప్పాలి. ఆ తర్వాతే రేపటి ఉప్మా రవ్వ లెక్క.

## 8. చిన్న గ్రూపు నడపడం

క్యాంపులో అసలు పని జరిగేది ఇక్కడే అని నా అభిప్రాయం. పెద్ద కూటంలో పిల్లలు వింటారు. ఇక్కడ మాట్లాడతారు. ఎనిమిది మంది దాటితే గ్రూపు కాదు, క్లాసు.

కూర్చునే తీరు. గుండ్రంగా, అందరూ నేల మీద, మీరూ నేల మీదే. మీరు కుర్చీలో కూర్చుంటే మాస్టారు అయిపోతారు.

ప్రశ్న వేసే తీరు. "అర్థమైందా?" అని అడగొద్దు. అందరూ "అయ్యిందక్కా" అంటారు, ఆట మొదలవుతుందన్న ఆశతో. "ఈ కథలో నువ్వుంటే ఎక్కడ నిలబడి ఉండేదానివి?" అని అడగండి. మార్కు 2లో పైకప్పు విప్పి పక్షవాయువు మనిషిని దించిన కథ దీనికి బాగా పనికొస్తుంది. మోసేవాళ్ళు, మంచం మీదున్నవాడు, ఇల్లు పాడైందని చూస్తున్న ఇంటివాడు, గుమ్మం దగ్గర దారివ్వని జనం. ప్రతి పిల్లకూ ఒక చోటు దొరుకుతుంది.

నిశ్శబ్దం. ప్రశ్న వేశాక ఎవరూ మాట్లాడకపోతే మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. చాలామంది వాలంటీర్లు ఐదుకే తట్టుకోలేక తామే జవాబు చెప్పేస్తారు. అట్లా రెండుసార్లు చేస్తే ఆ గ్రూపులో ఇక ఎవరూ నోరు విప్పరు. అక్కే చెప్తుందిలే అని వాళ్ళకు తెలిసిపోతుంది.

ఎక్కువ మాట్లాడే పిల్లాడు. ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. చాలావరకు పాస్టర్ గారి అబ్బాయో, సండే స్కూల్ ఫస్ట్ ప్రైజో. తిట్టొద్దు. పక్కకు పిలిచి, "నువ్వు బాగా చెప్తున్నావు. రేపు నాకొక సాయం చెయ్యి, ఇంకా మాట్లాడనివాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళని మాట్లాడించే బాధ్యత నీది" అని అప్పజెప్పండి.

జవాబు తెలియని ప్రశ్న. "దేవుడుంటే మా చెల్లెలు ఎందుకు చనిపోయింది?" అని అడిగితే వెంటనే వచనం వెతకొద్దు. చెల్లెలి పేరు అడగండి. వినండి. ఆ ప్రశ్నకు ఆ పూట జవాబు ఉండకపోవచ్చు. పాస్టర్ గారిని కూర్చోబెట్టి మాట్లాడిద్దామని అడిగి, ఒప్పుకుంటేనే తీసుకెళ్ళండి.

గ్రూపు అయిన వెంటనే నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకోండి: ఎవరు ఏమన్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు. పిల్లల రహస్యాలు రాయొద్దు. నోట్‌బుక్ పోతుంటుంది.

## 9. ఒకరు వచ్చి మనసు విప్పితే

ఇవి స్టేజీ దగ్గర జరగవు. రాత్రి భోజనాలయ్యాక ప్లేట్లు కడిగే పంపు దగ్గర జరుగుతాయి. పిల్లాడు ఒకే ప్లేటును మూడోసారి కడుగుతుంటాడు. మీ వైపు చూడడు. "అన్నా, ఇంట్లో చెప్పొద్దు" అంటాడు. "మ్యాథ్స్ పోయింది. పాసయ్యానని చెప్పి క్యాంపుకొచ్చా. సప్లీ ఫీజు కూడా కట్టలా."

ఈమధ్య ఇంటర్, పదో తరగతి ఫలితాలు ఏప్రిల్‌లోనే వస్తున్నాయి. సప్లిమెంటరీ పరీక్షలు మేలో. అంటే మే నెల క్యాంపులో మీ ముందు పాడుతున్న పిల్లల్లో ఫెయిలైనవాళ్ళు తప్పకుండా ఉంటారు. స్టేజీ మీద నుంచి "మన పిల్లలకు ఇన్ని మార్కులొచ్చాయి, దేవునికి స్తోత్రం" అని చప్పట్లు కొట్టించే కార్యక్రమం పెట్టొద్దని నిర్వాహకులకు ముందే చెప్పండి.

పిల్లాడు చెప్పాడు. మీరేం చేయాలి?

1. చేతిలో పని ఆపకండి. పక్కనే ఇంకో ప్లేటు తీసుకుని కడగండి. ఎదురెదురుగా కూర్చోబెడితే మాట ఆగిపోతుంది.
2. "ఇంకా?" అని మాత్రం అనండి.
3. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు. "నీకు మేలు జరగాలంటే ఒకరికి చెప్పాల్సి రావచ్చు. చెప్పే ముందు నీకు చెప్తా" అనండి.
4. పదిమందికి కనిపించే చోటే మాట్లాడండి. తలుపు మూసిన గదిలో ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండొద్దు. అమ్మాయిలతో అక్కలు, అబ్బాయిలతో అన్నలు మాట్లాడాలి.
5. ప్రార్థన చివర్లో, చిన్నది. ప్రార్థన పేరుతో హితబోధ చేయొద్దు.
6. మర్నాడు ఆ పిల్లాడి పనికొచ్చే పని ఒకటి చేయండి. ఫీజు గడువు ఎప్పుడో చూడటం, ఇంట్లో వాళ్ళ నాన్నతో ఫోన్‌లో ఎలా చెప్పాలో కూర్చుని అనుకోవడం.

రెండు సందర్భాల్లో మీ సొంత తెలివి వాడొద్దు.

చచ్చిపోవాలని ఉందన్న మాట. వేళాకోళంగా అన్నా సరే, వదిలేయొద్దు. ఆ రాత్రి ఒంటరిగా ఉంచొద్దు. క్యాంపు బాధ్యుడికి, తల్లిదండ్రులకు తెలియాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. "విశ్వాసం తక్కువై అట్లా అనిపిస్తుంది" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు.

ఎవరో తప్పుగా తాకారన్న మాట. పద్దెనిమిది లోపు పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం, తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. చేసింది పాస్టరైనా, సంఘ పెద్దైనా, బంధువైనా "సంఘం పరువు" అని లోపల సర్దుబాటు చేయడానికి వీల్లేదు. పిల్లను మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించొద్దు. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112.

## 10. నీళ్ళు, అన్నం, ఎండ, పురుగూ పుట్రా

మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మనిషికి రోజుకు మూడున్నర లీటర్ల తాగునీళ్ళు లెక్కేయండి. వందమందికి 350 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు 18. బియ్యం వందమందికి ఒక పూటకు 12 కిలోలు పెట్టుకుంటే కుర్రాళ్ళకు సరిపోతుంది. ఒక పూట రాగి సంకటి, ఊరిబిండి పెట్టండి. కడుపు నిండుతుంది, ఖర్చూ తక్కువ. సాయంత్రం బిస్కెట్ల బదులు బొరుగులు, చెనిక్కాయలు. మిగిలిన అన్నాన్ని ఆ ఎండకు రాత్రి దాకా ఉంచి మళ్ళీ వడ్డించొద్దు.

- నీరసం, వాంతులు: ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి. చక్కెర కలపొద్దు. ఒక రోజు దాటితే పారబోయాలి.
- వడదెబ్బ: ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే నీడకు చేర్చి, తడిబట్టలతో ఒళ్ళంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు.
- పాము కాటు: కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం వేయించొద్దు. ప్రార్థన బండిలో చేయొచ్చు. కాటు పడిన కాలో చెయ్యో కదపకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. తిరుపతిలో అయితే రుయా.
- నీటి గండం: తలకోన, కైలాసకోన, కల్యాణి డ్యామ్ దగ్గరున్న క్యాంపుల్లో "ఒక్కసారి దిగొస్తాం అన్నా" అంటారు. దిగనివ్వొద్దు. ఈత వచ్చని చెప్పేవాళ్ళను అసలే దిగనివ్వొద్దు.
- పలమనేరు, కుప్పం అడవి అంచున ఏనుగులు తిరుగుతాయి. చీకటి పడ్డాక ఆవరణ దాటొద్దు.

## 11. చివరి రాత్రి

చివరి రాత్రి కూటంలో లైట్లు తగ్గిస్తారు, కీబోర్డు మెల్లగా మోగుతుంటుంది, పిల్లలు ముందుకొస్తారు, ఏడుస్తారు. దేవుడు పని చేయడని నేననను. నిద్ర లేని పిల్లలు, రేపు విడిపోతున్నామన్న బెంగ, పాట, ఇవీ పని చేస్తాయి. కాబట్టి వాలంటీర్లు కొంచెం నిదానంగా ఉండాలి.

- ముందుకు రానివాళ్ళను తోయొద్దు. "మీ గ్రూపులో ఎంతమంది వచ్చారు?" అని లెక్కలు వద్దు.
- తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించే ముందు అడగండి.
- "పూర్తి సేవకు వెళ్తా, చదువు మానేస్తా" అని తీర్మానించిన పిల్లకు వెంటనే చప్పట్లు కొట్టొద్దు. "మంచిది. మూడు నెలలు ప్రార్థన చేద్దాం, మీ పాస్టర్ గారికి, అమ్మానాన్నలకు చెప్పు, ఈలోగా పరీక్షలు రాయి" అనండి.
- తీర్మానాన్ని వాళ్ళ చేతితోనే ఒక కాగితం మీద రాయించండి. "రోజూ ప్రార్థిస్తా" అని రాస్తే, ఎప్పుడు, ఎక్కడ అని అడగండి. "స్కూలు బస్సు రాకముందు, మేడ మీద" అని రాస్తే అది నిలబడే అవకాశం ఉంది.

## 12. ఇంటికొచ్చాక

మొదటి రెండు రోజులు నిద్రపోండి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద గెలిచి వచ్చి చచ్చిపోతానంటాడు. దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇస్తాడు. మళ్ళీ పడుకోనిస్తాడు. మాటలు ఆ తర్వాతే. క్యాంపు నుంచి వచ్చిన వారంలో ఏదో వెలితిగా, ఎవరి మీదో విసుగ్గా అనిపిస్తే భక్తి పోయిందని కంగారు పడకండి. ఒళ్ళు అలిసింది. వారం దాటి, రెండు వారాలైనా అట్లాగే ఉంటే పాస్టర్ గారితోనో డాక్టరుతోనో మాట్లాడండి.

ఆపైన ఈ వరసలో:

మొదటి వారం. గ్రూపు పిల్లలందరికీ ఒక్కో ఫోన్. మైనర్లయితే అమ్మానాన్నల నంబరుకే. రాత్రిళ్ళు పర్సనల్ మెసేజ్‌లు వద్దు. గ్రూపు పెడితే అందులో ఇంకో పెద్దవాళ్ళు ఉండాలి.

రెండో వారం. ఆ పిల్లల సొంత సంఘం పాస్టరుకు లేదా యూత్ లీడరుకు ఫోన్ చేసి, పిల్ల అనుమతితో చెప్పగలిగింది చెప్పండి. పిల్లను మీ సంఘానికి లాగొద్దు. ఇది వినడానికి చిన్న విషయమే, ఊళ్ళో రెండు సంఘాలు మాట్లాడుకోవడం మానేసేది ఇలాంటివాటి దగ్గరే.

మూడో వారం. "మేడ మీద ప్రార్థన ఎట్లా నడుస్తోంది?" అని అడగండి. మానేశానంటే "మళ్ళీ రేపు మొదలుపెట్టు, నేనూ అదే టైముకు లేస్తా" అనండి. అని, నిజంగా లేవండి. మీ వాక్యధ్యానం నిలబడటానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు. క్యాంపు తర్వాత వాలంటీర్ల ప్రార్థన జారిపోయేది కూడా ఈ మూడో వారంలోనే.

నెలాఖరు. నోట్‌బుక్ తీసి మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఏ వచనం ఇంకా గుర్తుంది? ఎవరి మీద కోపం వచ్చింది, వాళ్ళతో మాట్లాడారా? (వంటగది గొడవలు ఏడాది దాకా సాగుతాయి, జాగ్రత్త.) సంఘంలో ప్రతి వారం చేయగలిగిన ఒక పని ఏది? సండే స్కూల్లో ఒక క్లాసు, కూటం తర్వాత చాపలు మడిచే పని, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూసి రావడం, ఏదైనా ఒకటి పాస్టర్ గారికి చెప్పి ఒప్పుకోండి.

నిర్వాహకులకు ఒక పేజీ రాసి పంపండి: నీళ్ళు ఎక్కడ తగ్గాయి, ఏ బాత్రూము తలుపు గడియ పడలేదు, ఏ రోజు విశ్రాంతి దొరకలేదు, ఎన్ని ప్లేట్లు తక్కువయ్యాయి. జూన్‌లోనే పంపండి. వచ్చే ఏప్రిల్‌కు ఎవరికీ గుర్తుండదు.